ఎదురు చీర

నీలగుడ్డం,
4 మార్చి 1955

నాయనా ఓబుళేసూ,

ఉత్తరం మొదట్లో అందరమూ క్షేమమని రాయడం ఆచారం. నా నడుము తప్ప అందరమూ క్షేమం.

గుంతకల్లులో బండి మారేటప్పుడు కూలిమనిషి నా పెట్టెను ఒక రైల్లోకీ నన్ను ఇంకో రైల్లోకీ ఎక్కించబోయాడు. నేను పెట్టె వెంటే పోయాను. అరవై ఎనిమిదేళ్ల ముసలిదాన్ని పోగొట్టుకుంటే ఎవరో ఒకరు తెచ్చి అప్పగిస్తారు. పెట్టెను ఎవరూ తెచ్చివ్వరు.

కోసిగిలో దిగి ఎద్దులబండిలో ఆరు మైళ్లు. దారి పొడుగునా రాళ్లు, గుండ్లు. కొండలు కడదామని ఎవరో తెచ్చి కుప్పపోసి, నడుమ మనసు మారి వెళ్లిపోయినట్టుంది ఈ సీమ. బండివాడు కన్నడమో తెలుగో తేలని పాట ఒకటి పాడుతూనే ఉన్నాడు. నిద్రపోయి లేచాను, అదే పాట, అదే గుండు. మళ్లీ నిద్రపోయి లేచాను, అదే పాట, అదే గుండు. ఎండలో గాలి నీళ్లలా కదులుతోంది. చివరికి మేము ఊరికి చేరామో, ఊరే నడిచి మా దగ్గరికి వచ్చిందో నాకు తెలియలేదు.

నీ కూతురు నాగలక్ష్మి చిక్కలేదు, నల్లబడింది. కాళ్లకు దండం పెట్టి, లేస్తూనే, “జేజీ, నన్ను తీసుకపోయేదానికి వచ్చినావా, చూసిపోయేదానికి వచ్చినావా?” అంది. “రెండింటికీ టిక్కెట్టు ఒకటేలే” అన్నాను.

బడి ఊరి చావడిలో నడుస్తోంది. పందొమ్మిది మంది ఆడపిల్లలు. మగ అయ్యవారు ఉన్నన్నాళ్లూ తండ్రులు వాళ్లను పంపలేదట. పోయిన జూన్‌లో ఇది వచ్చాకనే పలకలు పట్టారు. వచ్చే ఏడాది కూడా ఇక్కడే ఉంటుందో లేదో ఈ నెలాఖరులోగా జిల్లా బోర్డుకు రాసివ్వాలి. ఉండనంటే ఇంకో ఆడమనిషి ఈ రాళ్లలోకి రాదు, బడి మూతపడుతుంది. ఇదంతా నన్ను కరిగించడానికి చెప్పింది. నేను కరగలేదు.

నీవు స్టేషనులో చెప్పిన మాట నాకు గుర్తుంది: మంచి ఇంట్లో ఆడతోడు దొరికితే సరే, లేకుంటే పని మానిపించి వెంటబెట్టుకొని రా. ఇది చావడి వెనక గదిలో ఒంటిగా ఉంటోంది. గొళ్లెం లాగి చూశాను, గట్టిదే. అయినా గొళ్లెం ఆడతోడు కాదు కదా. కాబట్టి తీసుకొనే వస్తాను. అయితే వెంటనే కాదు. మంగళవారం కాముని పున్నమి, ఈ ఊరికి అదే పెద్ద పండుగ. అది ముగిసిందాకా బండి కట్టమంటే ఏ మగవాడూ పలకడు.

ఆ మగవాళ్ల సంగతి ఒకటి రాయాలి. ఈ పొద్దు గాజుల మలారం వాడు వచ్చాడు. వాడి చుట్టూ ఒక్క ఆడమనిషి లేదు, అందరూ మగవాళ్లే. ఒక్కొక్కడూ గాజు తీసుకొని తన చేతికే ఎక్కించి కొలత చూసుకుంటున్నాడు. పెళ్లాల మీద ఇంత ప్రేమ ఉన్న మగవాళ్లను మన కమలాపురంలో నేను చూడలేదు. ఆ పెళ్లాల మణికట్లు అంత లావా అన్నది వేరే విషయం.

టపా మనిషి ఇక్కడికి మంగళవారం, శనివారం మాత్రమే వస్తాడు. నా ఉత్తరం ఆలస్యమైతే నేను చచ్చానని ఏడవకండి.

నీ తల్లి
సుబ్బరత్నమ్మ

*

కమలాపురం,
8 మార్చి 1955

అమ్మకు ఓబుళేసు నమస్కారాలు.

నీ ఉత్తరం నిన్న అందింది. వేరుశనగ కాయ వలిపిస్తున్నాము. నల్లావుకు నయమైంది.

పండుగ దాకా ఆగడం నాకు ఇష్టం లేదు గానీ, బండి లేకుంటే ఎవరేం చేస్తారు. పున్నమి కాగానే బయలుదేరండి. నీవు అక్కడి గాలి తగిలి మెత్తబడతావేమోనని భయంగా ఉంది. పోయిన నెల మన వసారాలో నలుగురి ముందర “చదువు చెప్పించినాము చాలు, దాన్ని ఊరూరా తిప్పి అమ్ముకోనక్కరలేదు” అన్నది నీవే. నేను అప్పుడు ఊరకే ఉన్నాను.

నీకు చెప్పని మాట ఒకటుంది. వేరుశనగ వ్యాపారానికి ఆ వైపు తిరిగే మన అయ్యన్న బావ, కోసిగి సంతలో మన పిల్లను చూశాడట. ఎవరో గంపెడు మీసాల మనిషి బండి తోలుతుంటే వెనక కూర్చొని పోతోందట. పట్టపగలే, పద్ధతిగానే కూర్చుందట. అయినా మీసాలు మీసాలే. అయ్యన్న నోట్లో పడ్డాక ఆ మీసాలు ఊరూరికీ ఇంకా పెరుగుతాయి. అందుకే నిన్ను పంపాను.

నీ గాజుల సంగతి నీ కోడలు గురమ్మకు చదివి వినిపించడం నా బుద్ధితక్కువ. అప్పటినుంచి నా ముందర అన్నం కంచం పెట్టే చప్పుడు మారింది. “నీలగుడ్డం మగవాళ్లను చూసైనా నేర్చుకో” అంటోంది. ఇట్లాంటి సంగతులు ఇకమీదట వేరే కాగితం మీద రాయి.

నీ కొడుకు
ఓబుళేసు

*

నీలగుడ్డం,
8 మార్చి 1955, పొద్దున

నాయనా ఓబుళేసూ,

టపా మనిషి మధ్యాహ్నం పోతాడు. ఆలోపల నీకొక మంచి వార్త రాయాలని తొందరపడుతున్నాను. మన పిల్లకు ఆడతోడు దొరికింది.

పొద్దున్నే నాగలక్ష్మి ముగ్గుల పనికి పిల్లలను వెంటేసుకొని కాముని గుడికి పోయింది. నేను వంక దగ్గరికి నీళ్లకు పోయాను. వంకంటే ఇసుకే. ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లను చిప్పతో తోడుకోవాలి. ఒక చిప్ప తోడి ఇంకో చిప్ప ఊరేదాకా కూర్చోవాలి. ఎదురెండ కళ్లలో కొడుతోంది. ఎక్కడో డప్పులు కాచుకుంటున్న చప్పుడు. ఆ వెలుతురులోంచి ఒకామె వచ్చి నా చేతిలోని చిప్ప తీసుకుంది.

మంచి పొడగరి. ఆకుపచ్చ చీర, తలమీదుగా ముసుగు, ముసుగు కింద మూరెడు కనకాంబరాలు. పొద్దుటి చలికో ఏమో గొంతు బొంగురుపోయింది. దారిన పోయేవాళ్లంతా “ఏం ఉరుకుందక్కా, అప్పుడే తయారైనావే!” అని పలకరిస్తున్నారు. ఆమె సిగ్గుపడి తల వంచుకుంటోంది. ఈ కాలంలో అంత సిగ్గు ఎక్కడుంది నాయనా.

“నీవు మా అయ్యవారమ్మ జేజివి గదా,” అంది. “ఆయమ్మను తీసుకపోతావంట, నిజమేనా అవ్వా?”

“ఆడతోడు లేనిచోట పిల్లను ఎట్లా ఉంచుతాం చెప్పు,” అన్నాను.

ఆమె చిప్ప కింద పెట్టేసింది. “మా ఇంట్లో ఉండనీ. కడుపున పుట్టిన బిడ్డ మాదిరి సూసుకుంటా. ఒక అర్ర ఖాళీగానే ఉండాది.”

“ఇంట్లో ఎవరెవరుంటారు?”

“నేనూ, నా బిడ్డ సుంకమ్మ. అంతే. సుంకమ్మ కూడా ఈయమ్మ కాడనే సదువుతాంది.”

మొగుడి మాట నేను అడగలేదు. తలలో పూలున్నాయి కాబట్టి బతికే ఉన్నాడు. ఇంట్లో లేడు కాబట్టి ఈ ఊరి మగవాళ్లలాగే బొంబాయికో రాయచూరుకో కూలికి పోయుంటాడు. ఏడాదికి రెండుసార్లు వస్తాడేమో. మనుషులను చదవడంలో నేను పొరపాటు పడగా నీవెప్పుడైనా చూశావా? నిండు బిందెను చంకన కాదు, భుజాన పెట్టుకొని, ఏదో పూలబుట్టలాగా మోసుకొచ్చి మా గడపలో దించిపోయింది. కష్టపడ్డ ఒళ్లు. మాట తక్కువ, మర్యాద ఎక్కువ. అట్లాంటి ఆడదాని నీడలో ఉంటే మన పిల్లకు ఏ లోటూ ఉండదు.

వసారాలో నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని కాదు. పక్కన పెడుతున్నాను. ఆమె ఇంట్లో ఉంచడానికి నీవు ఒప్పుకుంటే ఒక ముక్క రాయి.

తొందరలో
అమ్మ

*

నీలగుడ్డం,
9 మార్చి 1955

ఓబుళేసూ,

నిన్నటి ఉత్తరం చించెయ్యి. నీవు దాన్ని చదివే లోపల ఇది చేరదని తెలుసు, టపా మనిషి శనివారం దాకా రాడు. అయినా రాస్తున్నాను. తప్పు చేసినవాళ్లు పడుకొని పొర్లడం కన్నా కూర్చొని రాయడం మేలు.

నిన్న మధ్యాహ్నం గుడికి పోయాను. గుడంటే చిన్న గుట్ట మీద రెండు రాతి బొమ్మలు, రతీదేవి, మన్మథుడు. కింద గుండు మీద నన్ను కూర్చోబెట్టారు. డప్పులు మోగాయి. గుట్ట మలుపులోంచి ఆడవాళ్లు రావడం మొదలైంది. పదిమంది, ఇరవై మంది, ఎనభై మంది. పసుపు, ఎరుపు, వంకాయరంగు. ఎండలో దుమ్ము లేచి, దుమ్ములో రంగునీళ్లు చిందుతుంటే, నేల మీద నడుస్తున్నారో గాలిలో తేలుతున్నారో తెలియడం లేదు. ఇంత చిన్న ఊళ్లో ఇందరు పొడగరి ఆడవాళ్లు ఎట్లా పుట్టారబ్బా అనుకుంటున్నాను. ఇంతలో ముందు వరసలో ఒకామె నా ఎదురుగా ఆగి, రవికలోంచి బీడీ తీసి వెలిగించుకుంది.

అందరూ మగవాళ్లు నాయనా. ఎనభై మందీ.

ఇది ఇక్కడి మొక్కు. వాన పడాలనో, బిడ్డ పుట్టాలనో, బొంబాయి పోయిన తమ్ముడు తిరిగి రావాలనో మొక్కుకుంటారు. తీరాక కాముని పున్నమికి ఇంటి ఆడవాళ్ల చీర కట్టి, గాజులు తొడిగి, మీసం తీసేసి ఆ రాతి జంట ముందర నిలబడతారు. ఆ రెండు దినాలూ వాళ్లను అందరూ అక్కా అనే పిలవాలి, పేరు పెట్టి అన్నా అంటే మొక్కు చెడుతుంది. మన సీమలో మీసం తియ్యమంటే తల తియ్యమన్నట్టే కదా. ఇక్కడ తామే తీసి దేవుడికి ఇస్తున్నారు. ఇదంతా నాకు ఒక్కరూ చెప్పలేదెందుకని నాగలక్ష్మిని నిలదీశాను. “అందరికీ తెలిసిందే గదా జేజీ” అంది. అందరికీ తెలిసిన సంగతి పరాయి మనిషికి ఎవరు చెబుతారు!

ఉరుకుందక్క కూడా వచ్చింది. వచ్చాడు. ఏమని రాయాలో తెలియడం లేదు. మన అయ్యన్న తనను కోసిగి సంతలో మీసాలాయన బండిలో చూశాడని నాగలక్ష్మే చెప్పింది; అయ్యన్న నీకు చెప్పకుండా ఉండడు, నీవే నాకు దాచావు. అప్పుడెప్పుడో సంతనుంచి పలకల మూటతో పాటు దీన్ని బండిలో తెచ్చింది ఇతనేనట, ఉరుకుందు. మీసం లేదు కాబట్టి నేను తోబుట్టువులా మాట్లాడాను. భార్య పోయి మూడేళ్లయింది. అంటే నేను నా మనవరాలిని భార్యలేని మగవాడి ఇంట్లో ఉంచడానికి నీ అనుమతి అడిగాను. మనిషిని చదివే నా విద్య ఇంతటిది.

కోపంతో లేచిపోదామనుకున్నాను. కానీ లేవలేకపోయాను ఓబుళేసూ. చీర కట్టినవాడు పెద్ద అడుగు వెయ్యలేడు. ఎనభై మంది రైతులు, రాళ్లు పగలగొట్టే చేతులు, అడుగులో అడుగు వేసుకుంటూ గుట్ట ఎక్కుతున్నారు. పక్కన ఆడవాళ్లు నిలబడి నవ్వుతూ, “ఏమక్కా, కుచ్చెళ్లు తొక్కుతాండావే! ఇంటికాడ నేను బిందెతో ఎట్ల నడుస్తానో ఇప్పుడు తెలిసెనా?” అంటున్నారు. వాళ్లు తలలు వంచుకొని, నవ్వి, ఇంకా చిన్న అడుగు వేస్తున్నారు. ఈ రెండు దినాలూ రచ్చకట్ట మీద కూర్చునేది ఆడవాళ్లు. బెల్లం పానకం తెచ్చి ఇచ్చేది మగవాళ్లు. వంకాయరంగు చీర కట్టిన ఒకాయన నాకూ తెచ్చి ఇచ్చి, తాగేదాకా చేతులు కట్టుకొని నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక నేను తాగడం, ఒక మగవాడు చెంబుకోసం కాచుకోవడం ఇదే మొదటిసారి. ఎవరో కన్న కలలోకి నేను పొరపాటున వచ్చి కూర్చున్నట్టుంది. ఎవరూ పొమ్మనలేదు.

అయినా కల కలే. పున్నమి దాటిన ఐదో దినం ముగింపట, ఆదివారం. సోమవారం బండి కడతారు. పిల్లను తీసుకొని వస్తాను.

సిగ్గుతో
అమ్మ

*

కమలాపురం,
11 మార్చి 1955

అమ్మకు ఓబుళేసు నమస్కారాలు.

పున్నమి పొద్దున నీవు రాసిన ఉత్తరం ఇప్పుడే అందింది. చదివి నా గుండెమీది బండ దిగింది. గురమ్మ దేవుడి ముందర దీపం పెట్టింది. కంచం చప్పుడు కూడా తగ్గింది.

పిల్లను ఇల్లు కదిలించినప్పటినుంచీ నాకు కంటినిండా నిద్ర లేదమ్మా. దాని చదువు మీద నాకేమీ కోపం లేదు. ఒక మంచి ఇల్లాలి నీడ దొరికితే చాలనుకున్నాను. ఆ ఉరుకుందక్క ఇంట్లో ఉండేటట్టయితే నాగలక్ష్మి అక్కడే పని చేసుకోవచ్చు. నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను. భర్త దూరంగా ఉన్నా ఇంతటి మర్యాదగా కాపురం నడుపుకొస్తున్నదంటే ఆమె సామాన్యురాలు కాదు. ఆమెను నా తోబుట్టువు అనుకుంటున్నానని చెప్పు.

మాట చెప్పి ఊరకుంటే బాగుండదు. అయ్యన్న బావ ఈ సాయంత్రమే ఆదోని మార్కెట్టుకు పోతున్నాడు. అతని చేత ఆమెకొక మాధవరం చీర, ఎర్రది, జరీ అంచుది, ఒక డజను గాజులు పంపుతున్నాను. చాటున ఇస్తే ఏదో దానం చేసినట్టుంటుంది. నలుగురి ముందర, నా పేరు చెప్పి, ఆమె చేతికే ఇమ్మన్నాను. మీసాల మనిషి పుకారు పుట్టించిన నోటితోనే ఈ మాట కూడా ఊరంతా చెప్పనీ.

నీవు లేక వసారా మూగబోయింది. తిట్టేవాళ్లు లేక జీతగాళ్లు పాడైపోతున్నారు.

నీ కొడుకు
ఓబుళేసు

*

నీలగుడ్డం,
14 మార్చి 1955

నాయనా ఓబుళేసూ,

ఈ ఉత్తరం కూర్చొని చదువు. గురమ్మను కూడా కూర్చోమను.

బండి వచ్చింది, వట్టిదే వెనక్కి పోయింది. ఎందుకో చెబుతాను.

బుధవారం సాయంత్రం నీకు ఉత్తరం రాసి మడిచేసరికి ఉరుకుందు చావడి దగ్గరికి వచ్చాడు. స్నానం చేసి పంచె కట్టుకొని, మీసం లేని మూతితో. చేతుల్లో ఆ ఆకుపచ్చ చీర, ఉతికి మడిచింది. నాగలక్ష్మి ముందర పెట్టి, “ఒడి పట్టమ్మా” అన్నాడు.

వీళ్ల పద్ధతి ఇట్లాంటిది. మొక్కు తీర్చిన చీరను, ఆ కోరిక ఎవరివల్ల తీరిందో వాళ్ల ఒడిలో పెడతారు. పడితే ఆ మేలు ఊళ్లో నిలుస్తుంది. కాదంటే మొక్కు తిరిగిపోయినట్టు. ఐదో దినం దాకా గడువు. నేను పిల్ల చెయ్యి పట్టుకొని ఆపాను. “నీ మొక్కుకూ మా పిల్లకూ ఏం సంబంధం?” అని గట్టిగానే అడిగాను.

అతను అరుగు కింద కూర్చున్నాడు. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

“మూడేండ్ల కిందట అవ్వా, కరువులో కూలికి పోయి వస్తాంటిమి. నా పెండ్లానికి జరం. ఆదోని ఆసుపత్రికని బండి మీద పోతాంటే దారి రెండుగా చీలింది. ఆడ రాయి ఉండాది. రాయి మీద రాసిండాది. అడిగేదానికి మనిషి లేడు. రాయి చెప్తానే ఉండాది, బిడ్డతో కలిపి మా ముగ్గురికీ సదవను రాదు. ఎడమకు తోల్తి. పొద్దు గూకే యాళకు తెలిసె, అది ఆదోని దారి కాదని.”

చీర మడత సరిచేసి మళ్లీ అందుకున్నాడు.

“ఆ యేడే మొక్కుకుంటి. మా ఊరి ఆడబిడ్డలకు సదువు చెప్పేదానికి ఒక అయ్యవారమ్మ వస్తే, ఆమె చీరనే కట్టుకోని కామన్న ముందర నిలబడతానని. ఈయమ్మ వచ్చె, అడిగితే చీర ఇచ్చె. మొన్న సుంకమ్మ కోసిగి దారిలో రాయి సదివి చెప్పె.” అతను మూతి తడుముకొని నవ్వాడు. “మొక్కు తీర్చేస్తి గదవ్వా. ఇంక ఈయమ్మ పోతే, కామన్న నా మీసం వాపసిస్తాడా?”

ఇంట్లో ఉంచుకుంటానన్నది కూడా మోసం కాదట. నాకంతా తెలిసే మాట్లాడుతున్నాననుకున్నాడట. “నేనే గదవ్వా ఆ పొద్దు నీతో మాట్లాడింది, చీర కడితే వేరే మనిషినైపోతానా?” అన్నాడు.  అయినా చీర పట్టవద్దని పిల్లకు చెప్పాను. మర్యాద మర్యాదే. నాగలక్ష్మి నాతో నాలుగు దినాలు మాట్లాడలేదు. శనివారం నీ మొదటి ఉత్తరం వచ్చింది, వసారాలో నేనన్న మాటను నీవు జాగ్రత్తగా దాచి పంపింది. దాన్ని కూడా చదివి మడిచి నా పక్కమీద పెట్టింది.  నన్ను తిట్టినా బాగుండేది.

ఆదివారం, ఐదో దినం, ఊరంతా చావడి ముందర చేరింది. ఒప్పుకుంటుందో లేదో చూడాలని. అప్పుడు దిగాడు మన అయ్యన్న, గొడుగు వేసుకొని, చంకలో నీ మూటతో. “కమలాపురం ఓబుళేసన్న పంపినాడు! ఉరుకుందక్కకు చీర! యాడుండాదప్పా ఆయక్క?” అని కేక పెట్టాడు.

ఊరు ఊరంతా తిరిగి ఉరుకుందు వైపు చూసింది. ఐదు దినాల గడ్డంతో నిలబడి ఉన్నాడు.

ఒడి పట్టబోయే పిల్ల పుట్టింటివాళ్లు మొక్కినవాడికి చీర పంపితే దాన్ని ఇక్కడ ఎదురు చీర అంటారట ఓబుళేసూ. “మా బిడ్డ ఇంక మీ ఊరి బిడ్డ కూడా” అని మాట ఇచ్చినట్టట. అది పంపే ఇల్లు చాలా గొప్ప ఇల్లయి ఉండాలట, ఎందుకంటే ఇంతవరకు ఎవరూ అడక్కుండా పంపలేదట. డప్పులు మోగాయి. ఉరుకుందు నీ చీరను తలమీద పెట్టుకున్నాడు. అయ్యన్న నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. అందులోంచి మాట రాకపోవడం నేను మొదటిసారి చూశాను.

పొరపాటైందని నేను ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. నాగలక్ష్మి నావైపు చూడకుండానే ముందుకు పోయి ఒడి పట్టింది.

ఇక నీ ఆడతోడు సంగతి. ఉరుకుందు ఇంట్లో ఉండటం కుదరదు, అది నేనూ ఒప్పుకోను. చావడి వెనక గదిలోనే ఉంటుంది. తోడు నేనుంటాను. నేనూ ఆడదాన్నే, ముసలితనంలో ఆ సంగతి నీవు మరిచిపోయినట్టున్నావు. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. నా కుడికంటికి తెర దిగి ఏడాదయింది, ఎడమకన్ను దాని వెంటే నడుస్తోంది. చెబితే నన్ను మంచం దిగనివ్వవని చెప్పలేదు. ఎనభై మంది మీసాలు నాకు ఎందుకు కనబడలేదని ఆశ్చర్యపోకు, వాళ్లకూ లేవు.

బోర్డుకు పంపాల్సిన కాగితం మీద తండ్రి సంతకం లేకుండా పిల్ల తన సంతకం పెట్టనంటోంది. ఇంత జరిగాక కూడా. నీ కూతురు నీవు అనుకున్నంత చెడిపోలేదు. ఇక నీ ఇష్టం.

అమ్మ

*

కమలాపురం,
15 మార్చి 1955

అమ్మకు,

తొమ్మిదో తేదీ నాడు నీవు రాసింది ఈ పొద్దు అందింది.

తోబుట్టువు అన్నానే! చీర పంపితినే! గాజులు కూడా పంపితినే! అయ్యన్న ఇంకా తిరిగి రాలేదు. వచ్చాక ఈ సీమలో నేను తల ఎత్తుకొని తిరిగేది ఎట్లా?

ఇంక నీవేమీ చెయ్యవద్దు. గురువారం నేనే బయలుదేరి వస్తున్నాను. సామాను కట్టి ఉంచండి. పిల్లను తీసుకొనే వస్తాను.

ఓబుళేసు

*

కమలాపురం,
21 మార్చి 1955

అమ్మకు ఓబుళేసు నమస్కారాలు.

వస్తానని రాసి రాలేదని అనుకుంటూ ఉంటావు. నేను వచ్చాను.

నీ పద్నాలుగో తేదీ ఉత్తరం రైలెక్కేముందు చేతికి వచ్చింది. కోపంతో గుంతకల్లు దాకా విప్పలేదు. అక్కడ విప్పి చదివి, ఇంకా కోపం తెచ్చుకున్నాను. కోసిగినుంచి బండి కూడా కట్టించుకోలేదు, నడిచే వచ్చాను. దారి పొడుగునా నీకు చెప్పాల్సిన మాటలు వరస పెట్టుకున్నాను. ఒక చోట దారి రెండుగా చీలింది, రాయి ఉంది. నేను చదివి, కుడికి తిరిగి, పది అడుగులు వేసి, ఎందుకో ఆగిపోయాను. వెనక్కి వచ్చి ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టి చూశాను.

చావడి చేరేసరికి బడి నడుస్తోంది. గోడ పక్కన నిలబడ్డాను. మన పిల్ల వీపు నావైపు ఉంది. ఆడపిల్లల వెనక వరసలో మోకాళ్లు మడిచి ఒక మగవాడు కూర్చున్నాడు, మూతి మీద అప్పుడప్పుడే వస్తున్న మీసం, ఒళ్లో పలక. అతని రాత చూసి మన పిల్ల, “గట్టిగా దిద్దు, పలకేమీ ఏడవదులే!” అంది.

నాకు ఐదేళ్లప్పుడు మన వంటింటి గడప మీద కూర్చోబెట్టుకొని నీవు ఈ మాటే అనేదానివి. ఇదే గొంతుతో. నేను ఏడ్చేవాణ్ణి, పలక ఏడ్చేది కాదు.

వరసపెట్టుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

వెనక్కి తిరిగేసరికి అరుగు మీద నీవున్నావు, జొన్నలు ఏరుకుంటూ. ఐదడుగుల దూరంలో నిలబడితే నావైపే చూసి, “ఎవరప్పా అది?” అన్నావు. అమ్మా, నీ కన్ను ఇంత పోయిందని నాకు అప్పుడే తెలిసింది. నేనేనని చెబితే నీవు లేచి పిల్లను పిలుస్తావు. పిల్ల నన్ను చూసి పలక కింద పెడుతుంది. పెట్టనివ్వడం నాకు ఇష్టం లేకపోయింది. గొంతు మార్చి, “దారిన పోయేవాణ్ణవ్వా” అన్నాను. “ఎండన పడి పోతాండావు, నీళ్లు తాగి పో” అని చెంబు చేతికిచ్చావు. తాగి, దండం పెట్టి వచ్చేశాను.

కోసిగి టపా ఆఫీసులో కూర్చొని, నా కూతురు అక్కడ పనిచేయడానికి నాకు సమ్మతమేనని రాసి, సంతకం పెట్టి, నాగలక్ష్మి పేర టపాలో వేశాను. ఈ పాటికి అంది ఉంటుంది. ఎండలు తగ్గాక కర్నూలులో నీ కళ్లు చూపిద్దాము. అందాకా నీళ్లకు ఒక్కదానివే వంకకు పోవద్దు.

గురమ్మకు మాత్రం నీవు రానని మొండికేశావని చెప్పాను. వెంటనే నమ్మింది.

నీ కొడుకు
ఓబుళేసు

*

నీలగుడ్డం,
26 మార్చి 1955

నాయనా ఓబుళేసూ,

కాగితం అందింది. పిల్ల సంతకం పెట్టి బోర్డుకు పంపింది. వారంగా నేలమీద నడవడం లేదు.

నా కళ్లమీద నీకు అంత జాలి అక్కరలేదు. నీళ్లు తాగేటప్పుడు గుటక గుటకకూ ఇంత చప్పుడు చేసేవాణ్ణి నేను ఒక్కణ్ణే కన్నాను. నీవు మలుపు తిరిగేదాకా జొన్నలు ఏరుతున్నట్టు కూర్చున్నాను. చేటలో జొన్నలు అప్పటికే అయిపోయాయి.

అమ్మ